కన్న ముఖము, విన్న ముఖము

ఒక మనుష్యుని నెదుట గూర్చుండబెట్టుకొని యతని ముఖమును వ్రాయుట యొక పని. ఎవ్వరును జూడని మనుష్యునికి, కథలో పేరు మాత్రము విన్నవానికి, ముఖమును గల్పించుట వేఱొక పని. మొదటిదానిని రూపచిత్రమనియు రెండవదానిని పాత్రచిత్రమనియు నీ వ్యాసములో బిలుచుచున్నాము. రెండును నొక చేతితోనే, యొక పరికరముతోనే జరుగుచుండుటచే నిది యంతయు నొకే విద్య యని విద్యార్థులు తలంతురు. మేమట్లు తలంపము. రూపచిత్రము వ్రాయువాడు ఎదుట గూర్చున్న మనుష్యునికి జవాబుదారి. పాత్రచిత్రము వ్రాయువాడు ఆ కథను జెప్పుకొను జనులకు జవాబుదారి. చిత్రము చెడినప్పుడు మొదటివానిని నిలదీయుటకు ఒక్కడుండును. రెండవవానిని నిలదీయుటకు ఊరంతయు నుండును.

ఈ భేదమును నేర్చుకొనుటకు గంగారము మంచి చోటు. ఇచ్చటి యిండ్లలో ఎనుబదేండ్ల ముసలమ్మలు గలరు. ఆధార్ కార్డుమీది మసక బొమ్మ తప్ప వారి ముఖమునకు వేఱొక గుఱుతు లేని యిండ్లును గలవు. ఈ మండలములోనే పూనుగొండ్ల యను గ్రామము గలదు. మేడారము జాతరకు పగిడిద్దరాజు బయలువెడలునది అచ్చటి నుండియే. ఆయన కథ నెఱుగనివారు ఈ ప్రాంతమున నరుదు. ఆయన ముఖము నెఱిగినవా డొక్కడును లేడు. ఇంటిలోని ముసలమ్మను, కథలోని రాజును కంప్యూటరు తెఱమీద నెట్లు వ్రాయవలెనో చెప్పుటయే మా యుద్దేశము.

డిజిటల్ చిత్రకారుడనగా రంగుడబ్బాయు కాగితమును లేకుండ వెలుగుతో వ్రాయువాడు. తెఱమీది బొమ్మ పిక్సెళ్లనబడు చిన్న చుక్కల కూడిక. ఒక్కొక్క చుక్కలో ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులుండును. ఒక్కొక్క వెలుగును 0 మొదలు 255 వఱకు గల యంకెలతో గొలుతురు. 256 మెట్లు గల మూడు వెలుగులను దమలో దాము గుణించినచో 1,67,77,216 రంగులేర్పడును. ఇన్ని రంగులు దొరకినవని మురియ బనిలేదు. ఒక మంచి ముఖమునకు పది పండ్రెండు చాలును.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది గాదు. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఐవాన్ సదర్లాండ్ అను పరిశోధక విద్యార్థి స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రామును రచించి, వెలుగుకలముతో తెఱమీద గీతలు గీచి చూపెను. 1973లో రిచర్డ్ షూప్ సూపర్‌పెయింట్ అను యంత్రముతో తెఱమీద రంగులు పూసెను. ఫొటోషాప్ వెలువడినది 1990లో. అందు లేయర్లు చేరినది 1994లో. నేడు క్రీటా వంటి ప్రోగ్రాములు వెల లేకుండ దొరకుచున్నవి. కాబట్టి బీదతనము వలన నీ విద్య యందరానిదని చెప్పుటకు వీలులేదు. కాని విద్యుచ్ఛక్తి పోయినప్పుడు పలకయు బలపమును మేలని యొప్పుకొనక తప్పదు.

డ్రాయింగ్ టాబ్లెట్టనునది పలకవంటిది. దానిమీద కలము నొత్తినకొలది గీత లావగును, తేల్చినకొలది సన్నమగును. ఈనాటి టాబ్లెట్లు చేతి యొత్తిడిని 8,192 మెట్లుగా గుర్తించుచున్నవి. కలము కొనలేనివారు తండ్రిగారి ఫోనుమీద వ్రేలితో వ్రాయవచ్చును. సన్నని గీత మాత్రము రాదు, పెద్ద రూపములు, నీడలు బాగుగనే వచ్చును. లేయర్లనగా ఒకదానిపై నొకటి పేర్చిన గాజుపలకలని యెంచుడు. క్రింది పలకమీద కొలతగీతలు, దానిపై నీడలు, దానిపై రంగులు, అన్నిటికంటె పైన తలవెండ్రుకలును నగలును. ఒక పలకను దుడిచినను తక్కినవి చెడవు.

ఇందొక కీడు గలదు. తప్పుగీచిన గీతను వెనుకకు దీసికొను మీట యొకటి యుండును. దానికి మరగిన విద్యార్థి ఒక కనుబొమ్మను నలువదిమాఱులు గీచి నలువదిమాఱులు తుడుచును. గంట గడచిన పిదప చూచినచో తెఱ తెల్లగనే యుండును. అందువలన మొదటి యిరువది నిమిషములు ఆ మీటను ముట్టరాదని మేము నియమము పెట్టుచుందుము. తప్పు గీత యుండనిండు. సరియైన గీతను దాని ప్రక్కన గీయుడు. రెండును గనబడుచున్నప్పుడే కంటికి తేడా తెలియును.

ఇక రూపచిత్రమునకు వత్తము.

ముందుగా ననుమతి యడుగవలెను. మన ముసలమ్మలు "నా మొగమేముందని చూస్తవు బిడ్డా" యని నవ్వి కొంగు కప్పుకొందురు. ఆ నవ్వును అనుమతిగా దీసికొనరాదు. ఎందుకు వ్రాయుచున్నదియు, ఎవరు చూచుటకు వ్రాయుచున్నదియు వివరించి, ఫోనులో నలుగురికి బంపుదునో పంపనో ముందే చెప్పి, సరే యన్న పిదపనే కూర్చుండబెట్టవలెను. నట్టింటిలో గాక వాకిటనో, తలుపు ప్రక్కనో కూర్చుండబెట్టినచో వెలుగొక ప్రక్కనుండి పడును. మిట్టమధ్యాహ్నపు టెండ పనికిరాదు. కనుగుంటలలో నీడ నిండి ముఖము పుఱ్ఱెవలె దోచును. ఫోను దీపపు వెలుగు అంతకంటె చెడ్డది. అది ముఖమును చపాతివలె చదును చేయును.

ముసలివారిని గంటలకొలది కూర్చుండబెట్టరాదు గనుక ఫొటో తీసికొనుట తప్పుగాదు. అయితే ఫోనును ముఖమునకు జేనెడు దూరమున బెట్టి తీసినచో ముక్కు పెద్దదై చెవులు వెనుకకు బోవును. ఆఱేడడుగుల దూరమున నిలిచి తీయుడు. నేటి ఫోనులలో చర్మమును నునుపుచేసి చాయ తేల్చు నమరిక యొకటి తనంతట తానే పనిచేయుచుండును. దానిని తప్పక యాపివేయవలెను. ఎనుబదేండ్ల యెండ వానలు గీచిన గీతల నొక్క క్షణములో జెఱిపివైచు యంత్రము చిత్రకారునికి సహాయకుడు గాడు.

కొలతల విషయమున నొక్క సంగతి తెలిసినచో సగము తప్పులు తొలగును. నడితల శిఖరము మొదలు గడ్డము వఱకు గల పొడవునకు నడిమిభాగముననే కన్నులుండును. క్రొత్తగా నేర్చుకొనువా రందఱును కన్నులను మీదికి నెట్టుదురు. కారణమేమనగా, వారు ముఖమును జూతురు గాని తలను జూడరు. రెండు కన్నుల నడుమ నొక కన్ను పట్టునంత చోటుండును. ముఖపు వెడల్పు సుమారు అయిదు కన్నులంత. చెవి పైయంచు కనుబొమ్మకును, క్రిందియంచు ముక్కు మొదటికిని సరితూగును. చంటిబిడ్డలకు కన్నులు నడిమికంటె క్రిందనుండును. అందుచేతనే పెద్దవారి కొలతలతో వ్రాసిన బిడ్డ గుజ్జురూపపు ముసలివానివలె గనబడును.

ముసలితనమునకు వేఱు లెక్క గలదు. పండ్లూడినకొలది ముక్కునకును గడ్డమునకును నడిమి దూరము తగ్గును. చెవితమ్మె దిగజాఱును, బరువు నగలు పెట్టుకొన్నవారికి మఱింత జాఱును. నగలు తీసివైచిన పిదపను రంధ్రము సన్నని గీటువలె నిలిచియుండును. ఇట్టి గీటును మీరు చూచి వ్రాసినచో నా యింటివారు చిత్రమును గుర్తించుటకు వేఱొక యాధారము వలదు. పచ్చబొట్లున్నచో వానిని ముడుతలతోపాటు వంగునట్లు వ్రాయవలెను; చర్మము మీద నతికించిన కాగితమువలె నుండరాదు. ముఖములో కుడియెడమలు ఒక్కతీరుగ నుండవు. ఒక కనుబొమ్మ యెత్తుగను, ఒక పెదవికొస జాఱియు నుండును. కంప్యూటరులో ఒక సగమును వ్రాసి రెండవ సగమునకు దానినే తిప్పి యతికించు సదుపాయము గలదు. అది కుండలు వ్రాయుటకు మంచిది.

కంప్యూటరిచ్చు సదుపాయములలో మేము మిక్కిలి మెచ్చుకొనునది చిత్రమును అద్దములోవలె కుడియెడమలుగా ద్రిప్పి చూచుట. మన కంటికి అలవాటుపడిన తప్పు త్రిప్పినంతనే బయటపడును. వాలిన ముక్కు, ఎక్కువైన దవడ, పైకెక్కిన కన్ను ఒక్కమాఱుగ గనబడును. పదిపదునైదు నిమిషముల కొకమాఱు త్రిప్పి చూచుట యలవాటు చేసికొనుడు. వెనుకటివా రిందుకే చేతియద్దమును దగ్గఱ నుంచుకొనెడివారు.

రంగులకు బోవకముందు వెలుగునీడలు తేల్చుకొనవలెను. కన్నులు సగము మూసి ముఖమును జూడుడు. చిన్న వివరము లణగి మూడు భాగములు మాత్రము మిగులును: వెలుగు, నడిమిచాయ, నీడ. ఈ మూటిని మూడు బూడిదరంగులతో నింపి, పదియడుగుల దూరమునుండి చూచినప్పుడు మనిషి యెవరో తెలిసినచో రంగులు వేయవచ్చును. తెలియకున్నచో ఎన్ని రంగులు వేసినను తెలియదు.

చాయ విషయము కొంత విపులముగా వ్రాయుచున్నాము. మన విద్యార్థులు నూటికి తొంబదిమంది తడబడునది యిచ్చటనే. ముందుగా క్యాలెండరు బొమ్మలలోని పాలపచ్చని చాయను తెఱమీద దెచ్చి, "అవ్వ నలుపు గదా" యని దానికి నల్లరంగు కలుపుదురు. అట్లు కలిపినచో ముఖము బూడిద పూసినట్లు చచ్చిపోవును. నల్లని చాయ తెల్లని చాయకు నలుపు చేర్చినది గాదు; దానికి దనదైన రంగు గలదు. ఉదాహరణముగా, నడిమిచాయకు ఎఱుపు 120, ఆకుపచ్చ 78, నీలము 56 తీసికొనుడు. నీడకు 66, 38, 36 తీసికొనినచో నలుపునకు బోక ఎఱ్ఱని ముదురువైపు పోవును. నుదుటిమీదను చెక్కిటి యెముకమీదను ఆకాశము ప్రతిఫలించును గనుక అచ్చట 186, 160, 150 వంటి చల్లని వెలుగు నుంచుడు. వాకిట గూర్చున్నవారికి ఎఱ్ఱమట్టి నేలనుండి యెగసిన వెలుగు గడ్డము క్రింద కొంచెము వెచ్చగ దోచును. ఇవి మా యంకెలు. మీ కన్ను వేఱు చెప్పినచో మీ కంటినే నమ్ముడు. నిగనిగలాడు నలుపుమీద వెలుగు తెలుపుమీదికంటె స్పష్టముగ నాడునని యొకమాఱు వ్రాసి చూచినవారు మఱచిపోరు.

తెలంగాణపు స్త్రీ పురుషులను నల్లని మేనిచాయతోను పెద్ద బొట్లతోను నిండు రంగుల చీరలతోను వ్రాసి దేశదేశములకు బరిచయము చేసిన తోట వైకుంఠముగారు 1942లో కరీంనగరు ప్రాంతపు బూరుగుపల్లిలో జన్మించినవారు. ఆయన చిత్రములను జూచుటకు వీలున్నవారు చూడవలెను. పొలములో బనిచేయువారిని పొలములో బనిచేయువారివలెనే వ్రాసియు కన్నులపండువుగ నుండునట్లు చేయవచ్చునని యా చిత్రములు దెలుపును. ముసలమ్మను రెండు పాళ్లు తెల్లగా వ్రాసినచో నామె సంతోషించునని కొంద ఱందురు. ఆమె నవ్వి యూరకుండవచ్చును. కాని రేపు మనుమరాలు ఆ చిత్రమును జూచినప్పుడు తన చాయ తన యవ్వ చాయయని తెలియుటకు వీలులేకపోవును. ఇది చిన్న నష్టమని మేమనుకొనము.

రూపచిత్రమును జాలించి పాత్రచిత్రమునకు వచ్చునప్పుడు పని తలక్రిందగును. రూపచిత్రములో గుర్తింపు దగ్గఱనుండి వచ్చును: చెవిగీటు, పెదవికొస, ముడుత. పాత్రచిత్రములో గుర్తింపు దూరమునుండి రావలెను. పాత్ర కథలో మాటిమాటికి వచ్చును, పరుగెత్తును, వెనుదిరుగును, గుంపులో నిలుచును. ఎప్పుడు చూచినను వీడు ఫలానావాడని తెలియవలెను.

ఈ రహస్యమును మనకు జనగామకు సమీపముననున్న చేర్యాల నకాషీలు తరతరములుగ నెఱుగుదురు. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనుండి నేడు సిద్దిపేట జిల్లాలో జేరిన యీ యూరిలో గుడ్డమీద కథలు వ్రాయు కుటుంబములు గలవు. నేతగుడ్డకు గంజియు, సుద్దమట్టియు, చింతగింజల జిగురును, బంకయు కలిపి పూసి యారబెట్టుదురు. దానిమీద కుంచెతోనే నేరుగా రూపములు గీతురు. వెనుకతట్టునంతయు నెఱుపుతో నింపుదురు. మూడడుగుల వెడల్పును నలువదడుగులకు మించిన పొడవును గల పటములు గూడ నుండెడివి. వీనిని వ్రాయించుకొనువారు కథకులు: ముదిరాజులకు గథ చెప్పు కాకిపడగలవారు, గొల్లలకు జెప్పు మందహెచ్చులవారు, పద్మశాలీలకు జెప్పు కూనపులివారు, ఇంకను నట్టివారెందఱో. పటమును కొంచెము కొంచెముగ విప్పుచు, పాడుచు, కథ నడుపుదురు.

ఊరివారు పటమునకు దూరముగ గూర్చుందురు. అందుచే నకాషీలు పాత్రకొక రంగును నియమించిరి. దేవుండ్లకు నీలము, దేవతలకు పసుపు, రాక్షసులకు గోధుమ లేక ముదురు రంగులు, మనుష్యులకు గులాబి మేనిచాయలు. బుద్ధి యెఱుగని పిల్లవాడును నీలపు ముఖము కనబడినంతనే చేతులు జోడించును. రాక్షసునికి ముదురు రంగేల నియమింపవలె నను ప్రశ్న నేటి విద్యార్థి యడుగవచ్చును, అడుగవలెను గూడ. ఆ వాడుకను గ్రహించుట వేఱు, దానిని మనము క్రొత్తగా వ్రాయు పాత్రలకు దెచ్చి పూయుట వేఱు. నలుపును దుష్టునికి గుఱుతుగ నుంచుట మా తరగతులలో మేము సమ్మతింపము. ఆకారముతోను, నిలుకడతోను, చేతిలోని వస్తువుతోను దుష్టుని జూపుటకు దారు లనేకములు గలవు.

ఆకారమునకు గూడ మన పెద్దలు లెక్క వ్రాసియుంచిరి. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రమున పురుషులను అయిదు తెగలుగ విభజించి యెత్తులు చెప్పిరి. హంసునికి 108 అంగుళములు, భద్రునికి 106, మాళవ్యునికి 104, రుచకునికి 100, శశకునికి 90. ఈ యంగుళము బజారులోని కొలబద్దమీది యంగుళము గాదు. ఎవని యంగుళము వానిదే. ఈ లెక్క నక్షరాల పాటింపుమని మేము చెప్పుట లేదు. ఒక కథలోని జనులందఱు నొకే మూసలో బోసినట్లుండరాదని వారును దలచిరని తెలియుటకు జెప్పితిమి. ఈనాటి వాడుకలో పెద్ద మనుష్యుని యెత్తు తన తలకు సుమారు ఏడున్నర రెట్లు. తల పెద్దదిచేసి నాలుగు రెట్లకు దగ్గించినచో హాస్యపాత్ర పుట్టును; తొమ్మిది రెట్లకు బెంచినచో వీరుడు పుట్టును.

ఆకారము నిలిచినదో లేదో పరీక్షించుట సులభము. పాత్రను బూర్తిగ నలుపుతో నింపి చూడుడు. లోపలి వివరము లన్నియు మాయమై అంచు మాత్రము మిగులును. 1957లో వెలువడిన మాయాబజార్ చలనచిత్రములోని ఘటోత్కచుని నట్లు నింపినను, స్థూలకాయమును భుజముమీది గదయును జూచి యెవరైనను పేరు చెప్పుదురు. ఆ చిత్రమునకు గళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్‌గార్లు. అంచు తేలిన పిదపనే ముఖమునకు బోవలెను. ముఖమైన పిదప ఎదుటనుండి, ప్రక్కనుండి, ముప్పాతిక వంపునుండి, వెనుకనుండి నాలుగు రూపములను ఒకే కొలతలతో ఒక వరుసలో వ్రాసి, దాని క్రింద నవ్వు, కోపము, భయము, అలసటలను వ్రాసినచో దానినే పాత్రపటమందురు. చలనబొమ్మలు చేయువారును, ఆటలు చేయువారును ఈ పటమును బట్టియే తక్కిన పని నడుపుదురు. అలసటను వ్రాయుట కోపమును వ్రాయుటకంటె కష్టము.

ఇప్పుడు పగిడిద్దరాజు దగ్గఱకు వత్తము.

కథ మీకు దెలిసినదే. పగిడిద్దరాజు సమ్మక్కకు భర్త. సారలమ్మకు, జంపన్నకు దండ్రి. కఱవు వచ్చి కప్పము గట్టలేకపోగా గాకతీయ ప్రతాపరుద్రుని సేనలతో యుద్ధము జరిగెననియు, ఆ యుద్ధమున నాయన గూలెననియు, జంపన్న సంపెంగవాగులో బడగా నది జంపన్నవాగైనదనియు, సమ్మక్క చిలుకలగుట్ట వైపు పోయి కుంకుమభరిణెయై దొరకెననియు జనులు చెప్పుకొందురు. రెండేండ్లకొకమాఱు మాఘ పౌర్ణమినాటికి మేడారములో జాతర జరుగును. సారలమ్మను కన్నెపల్లినుండియు, గోవిందరాజును కొండాయినుండియు, పగిడిద్దరాజును మన పూనుగొండ్లనుండియు దెత్తురు. పెనక వంశపు పూజారులు పడిగెను ధరించి, అడవిదారిని కాలినడకన మేడారము చేరుదురు.

ఇచ్చట చిత్రకారుడు నిలిచి చూడవలసిన సంగతి యొకటి గలదు. ఆ గద్దెలమీద విగ్రహములు లేవు. సమ్మక్క కుంకుమభరిణె, గద్దెమీద నిలుచునవి వెదురుగడలు, పగిడిద్దరాజు పడిగె. లక్షలకొలది జనులు మ్రొక్కు చోట ముఖమనునది లేదు. అయినను బజారులలో నమ్ము పటములలో కిరీటములు, పట్టుచీరలు, పులివాహనము, పాలవంటి చాయ గనబడుచున్నవి. ఆ పటములను గోడకు దగిలించుకొన్నవారి భక్తిని మేము శంకింపము. అయితే ఆ ముఖములెక్కడివి? క్యాలెండరులోని వేఱు దేవతల ముఖములనే దెచ్చి పేరు మార్చిరి. రాజనగా కిరీటమనియు, దేవతయనగా తెలుపనియు నలవాటుపడిన చేయి, కోయరాజును గూడ నట్లే వ్రాసినది. చిత్రకారుడు కథను వినలేదు. వేఱొక చిత్రమును జూచెను.

మన విద్యార్థి పగిడిద్దరాజును పాత్రగ వ్రాయబూనినచో నేమి చేయవలెను? మొదట వినవలెను. కోయలలో డోలివారు తమ వంశకథలను, గట్టుగట్టునకు వేఱుగ, డోలు మ్రోయించుచు బాడుదురు. త్రికోణపు పడిగెలమీది గుఱుతులే వారికి గ్రంథము. మణుగూరు ప్రాంతపు కూనవరమునకు జెందిన సకిని రామచంద్రయ్యగారు అట్టి పాటను గాపాడినందులకే 2022లో పద్మశ్రీ బిరుదము పొందిరి; ఆయన 2024లో గతించిరి. ఒక కథకుడు పోయినప్పుడు ఎన్ని పాత్రల వివరములు పోవునో లెక్కించుట కష్టము. కావున పెద్దలు బ్రతికియుండగనే పోయి యడుగుడు: ఆయన చేత నేమి యుండెను, కాలికేమి తొడిగెను, తలకేమి చుట్టెను, వయస్సెంత. కథలో జెప్పినది యొక కాగితముమీద, వాడుకను బట్టి యూహింపదగినది రెండవదానిమీద, ఎవ్వరును జెప్పనిది మూడవదానిమీద వ్రాసికొనుడు. మూడవ కాగితమే మిక్కిలి పొడవగును. ఆ ఖాళీలను నగలతో నింపకుడు.

తొందరపడి పెట్టు వస్తువులలో కొమ్ములపాగా యొకటి. అడవిదున్న కొమ్ములను నెమలియీకలను తలకు దాల్చి కొమ్ముకోయ లాడు నృత్యము ప్రసిద్ధమైనది. ఫొటోలలో మిక్కిలి యందముగ నుండును. కాని యది నాట్యపు వేషము. పెండ్లిలో ధరించు బాసికమును బొలములోని రైతునకు గట్టినట్లు, దానిని యుద్ధమునకు బోవు రాజునకు నిత్యవేషముగ దగిలించుట తగదు. ప్రశ్న యడిగినంతనే బొమ్మ గీచి యిచ్చు యంత్రములు నేడు వచ్చినవి. అవి తమకు జూపిన కోట్లకొలది బొమ్మలనుండి క్రొత్తదానిని గూర్చును. అందు పూనుగొండ్ల చిత్రములెన్ని యుండునో మీరే యూహింపుడు. ఆ కొఱతను బూడ్చుటకు యంత్రము ఎక్కడనో చూచిన రాజును దెచ్చి నిలుపును. ఆ రాజు మన రాజు గాడు.

ముఖము మాట యేమి? ఊరిలోని యొక మనుష్యుని ముఖమును దీసికొని రాజును జేయవచ్చునా యని విద్యార్థు లడుగుదురు. చేయరాదని మా యభిప్రాయము. ఆ చిత్రము వ్యాపించినచో నా మనుష్యుడు సంతకు బోయినను రాజుగనే చూడబడును. ఆయన దానికి ఒప్పుకొనలేదు. అనుమతితో నయిదాఱుగురి రూపచిత్రములు వ్రాసి, ఒకరి చెక్కిలియెముక, ఒకరి కనుబొమ్మ, ఒకరి దవడ గ్రహించి క్రొత్త ముఖమును గూర్చినచో నది యెవ్వరిదియు గాక, ఊరిదగును. రూపచిత్రమును జక్కగ నేర్చినవానికే యిది సాధ్యము. కంటికి గనబడిన ముఖములు చేతిలో లేనివానికి క్యాలెండరే గతి.

ఇంకొక దారియు గలదు. మేమిదియే మేలని తలంతుము. ముఖమును వ్రాయకుండుటయే ఆ దారి. రాజును వెనుకనుండి చూపుడు. లేదా నడినెత్తి యెండలో తలపాగ నీడలో గనుముక్కులు తెలియకుండ వ్రాయుడు. లేదా ఆయనయే పడిగెయై నడచుచున్నట్లు చూపుడు. నలుపుతో నింపిన యంచు పరీక్షను జ్ఞప్తికి దెచ్చికొనుడు: మంచి పాత్రకు ముఖము లేకున్నను బేరుండును. కోయబాలు డెవడైన నా ముఖమును వ్రాయదలచినచో వాని పెద్దలతో జెప్పి వ్రాయవచ్చును. అది వాని యింటి సంగతి. ఇతరులకు వెనుకనుండి చూచుటలో లోటులేదు.

కన్నదానిని విన్నదానిని రెండింటిని వ్రాసినవారు మన ప్రాంతముననే గలరు. మహబూబాబాద్ ప్రాంతపు పెనుగొండలో 1924లో బుట్టిన కొండపల్లి శేషగిరిరావుగారు శాంతినికేతనములో నందలాల్ బోసు వద్ద నేర్చికొని, హైదరాబాదులో చిత్రకళను బోధించుచు, ప్రకృతిదృశ్యములతోపాటు పురాణ కావ్యపాత్రలను వ్రాసిరి. ఆయన 2012లో గతించిరి. ఆయన చేతిలో కంప్యూటరు కలము లేదు. మన చేతిలో నున్నది. ఆయన చూచిన కొండలు, చెఱువులు మాత్రము మనకును గలవు.

కడపట నచ్చువేయు సంగతి. తెఱమీద వెలిగిన కుంకుమ యెఱుపు కాగితముమీద దిగులుపడును. తెఱ వెలుగుతో జేసిన రంగును సిరాతో జేయవలసివచ్చుటయే కారణము. ముందొక చిన్న ముక్క యచ్చువేయించి చూచి, దానినిబట్టి యెఱుపును సవరించుకొనుడు. ఏ4 కాగితము నిండ నచ్చునకు అంగుళమునకు 300 చుక్కల చొప్పున 2,480కి 3,508 పిక్సెళ్లు వలయును. పని మొదలిడునప్పుడే యీ కొలతతో మొదలిడవలెను. చిన్నదానిని దరువాత సాగదీసినచో ముఖము పొగవలె నగును. లేయర్లతో గూడిన ప్రతి నొకటి, లేయర్లు కలిపిన ప్రతి నొకటి వేఱుగ భద్రపఱచుడు. రూపచిత్రపు మొదటి యచ్చు వాకిట గూర్చున్న ముసలమ్మ యింటికి జేరవలెను. ఆమె యొప్పుకొన్నచో దాని వెనుక ఆమె పేరు, ఊరు, వయస్సు, వ్రాసిన తేదీ పెన్సిలుతో వ్రాయుడు. సిరాతో వ్రాసినచో వానకాలపు తేమకు అలుకుకొనిపోవచ్చును.